టికెట్టు ఎవరికివ్వాలో ఎవరు తేల్చాలి?

(జహీరాబాదులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి చట్టసభల్లో రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటున్నాం. 2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకని రాసి, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని షరతు పెట్టింది. ఈ సంగతి చెబుతుంటే వెనక కూర్చున్న ఒక అక్క లేచి అడిగింది: "సీటు మాదైతది, మంచిదే. టికెట్టు ఎవరిస్తరు?"

నేను తయారు చేసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి ఆమె ప్రశ్న గురించే మాట్లాడతాను.

మన దగ్గర టికెట్టు అంటే బి-ఫారం. దాన్ని ఇచ్చేది పార్టీ అధిష్ఠానం. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు కాబట్టి బి-ఫారం అక్కర్లేదు. ఎంపీటీసీ నుంచి పైకి వెళ్ళే కొద్దీ అది లేనిదే గుర్తు రాదు. 2023లో తెలంగాణ శాసనసభకు గెలిచిన 119 మందిలో స్త్రీలు పదిమందే. ఓటర్లు స్త్రీలను ఓడించారని చెప్పి తప్పించుకోవడం తేలిక. అసలు ఎంతమందిని నిలబెట్టారని అడగాలి. మనం ఓటు వేసే రోజుకి సగం ఎన్నిక ఎక్కడో తలుపులు వేసుకుని అయిపోయి ఉంటుంది.

ఆ సగాన్ని కూడా ప్రజల ఓటుతోనే జరిపే దేశం అమెరికా. పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చడానికి ముందుగా ఒక ఎన్నిక జరుగుతుంది. దాన్ని ప్రైమరీ అంటారు. దీని మీద అక్కడ ఎడతెగని తగాదా ఒకటుంది. ఒక పార్టీ ప్రైమరీలో అవతలి పార్టీ వాళ్ళు వచ్చి ఓటు వేయవచ్చా? మన భాషలో చెప్పాలంటే, ఓటరు గోడ దూకవచ్చా?

హైదరాబాదులో పుట్టిన ఇద్దరు స్త్రీల అనుభవం చూస్తే ఇది అర్థమవుతుంది. తెలుగింటి ఆడపడుచు అరుణా మిల్లర్ మేరీలాండులో రాజకీయాల్లోకి వచ్చారు. అక్కడ తలుపు మూసి ఉంటుంది. డెమొక్రాటుగా ముందే నమోదైన వారే డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓటు వేయాలి. 2018లో ఆమె పార్లమెంటు దిగువ సభ స్థానానికి ప్రైమరీలో నిలబడి, ఆ ఎన్నికకు సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పెట్టిన వ్యాపారి చేతిలో ఓడిపోయారు. 2022లో గవర్నరు అభ్యర్థికి జోడీగా నిలిచి లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. రెండో ఆమె గజాలా హష్మీ. ఆమె రాష్ట్రం వర్జీనియాలో ఓటర్లను పార్టీల వారీగా నమోదు చేయరు. ఎవరైనా వెళ్ళి ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేయవచ్చు. 2025 జూన్‌లో ఆరుగురు పోటీ చేసిన డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆమె ఒక్క శాతం లోపు తేడాతో గెలిచి, నవంబరులో లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు.

ఒక్కొక్క ఉదాహరణతో ఏ పద్ధతి మేలో తేల్చలేం. ఒకటి మాత్రం కనిపిస్తుంది. తలుపు మూసినంత మాత్రాన డబ్బు లోపలికి రాకుండా ఆగలేదు.

తలుపు మూయాలనే వారి వాదన తీసిపారేసేది కాదు. మన సంఘం నాయకురాలిని పక్క సంఘం వాళ్ళు వచ్చి ఎన్నుకుంటామంటే ఒప్పుకుంటామా? అవతలి వాళ్ళు కావాలని బలహీనమైన మనిషిని గెలిపిస్తే? 2000లో అమెరికా సుప్రీంకోర్టు కాలిఫోర్నియా కేసులో, ఓటర్లందరూ అన్ని పార్టీల అభ్యర్థుల ఎంపికలో పాల్గొనే పద్ధతిని ఈ కారణంగానే కొట్టివేసింది. తమ వారెవరో నిర్ణయించుకునే స్వేచ్ఛ పార్టీకి ఉందన్నది.

కానీ ఇదే మాట మరొక చోట ఏం చేసిందో కూడా చూడాలి. టెక్సాసులో డెమొక్రాటిక్ పార్టీ, తమది ప్రైవేటు సంఘమనీ, సభ్యులెవరో తామే నిర్ణయిస్తామనీ చెప్పి నల్లజాతి వారిని ప్రైమరీలోకి రానివ్వలేదు. అప్పట్లో అక్కడ ఆ ప్రైమరీలో గెలిస్తే అసలు ఎన్నిక గెలిచినట్టే. కాబట్టి చివరి రోజున ఓటున్నా లేనట్టే. 1944లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసేదాకా ఆ పద్ధతి సాగింది. 'మా ఇంటి విషయం' అనే మాట స్త్రీలకు కొత్తది కాదు. ఇంట్లో దెబ్బలు తిన్నప్పుడు మనం విన్నది ఆ మాటే.

ఇక మన ఊరికి వద్దాం. మన దేశంలో కూడా 2014లో కాంగ్రెసు పార్టీ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ఇలాంటి ఎన్నిక జరిపింది. పొరుగున కర్ణాటకలో బెంగళూరు ఉత్తరం, దక్షిణ కన్నడ అందులో ఉన్నాయి. అయితే ఓటర్లు పార్టీ పదవుల్లో, స్థానిక సంస్థల్లో ఉన్నవారే. రేపు మన దగ్గర ఇంకా విస్తృతంగా పెడతారనుకుందాం. పార్టీ సభ్యులకే ఓటు అంటారు. మన సభ్యత్వ పుస్తకాలు ఎవరింట్లో ఉంటాయి? రుసుము ఎవరు కడతారు? ఆ పేర్లలో ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు?

ఇంకా పెద్ద ప్రమాదం మరొకటుంది. తలుపు మూయాలంటే ప్రతి మనిషీ తనది ఏ పార్టీయో ముందే చెప్పి జాబితాకెక్కాలి. మన ఊళ్ళో ఆ జాబితా ఎవరి చేతికి పోతుంది? పింఛను, ఇల్లు, ఉపాధి పని ఎవరి సంతకంతో వస్తాయో వారి చేతికే. భర్తది ఒక పార్టీ, తనది ఒక పార్టీ అని ఒక స్త్రీ కాగితం మీద రాసి ఆ రాత్రి ఇంటికి ఎలా పోతుంది? రహస్య ఓటు మనకున్న ఒకే ఒక్క తెర. దాన్ని మనమే తీసేయకూడదు.

గోడ దూకే వారి మీద ఇంత కోపం చూపేవారిని ఒక్కటి అడగండి. ఈ జహీరాబాదు లోక్‌సభ స్థానం నుంచి 2014లో, 2019లో తెరాస తరఫున గెలిచిన సభ్యుడు 2024 ఎన్నికల ముందు భాజపాలో చేరి వెంటనే టికెట్టు తెచ్చుకున్నారు. గెలిపించడం ఓడించడం తర్వాత ఓటర్లు చూసుకున్నారు, ఓడించారు. కానీ టికెట్టు ఇచ్చేటప్పుడు వారిని అడిగినవారెవరు? నాయకుడు దూకితే చేరిక, ఓటరు దూకితే ద్రోహమా?

అందుకని నా అభిప్రాయం ఇది. అభ్యర్థిని ఎంచుకునే హక్కు కోసం మనం అడగాలి. అది వచ్చిన రోజున, ఒకరు ఒక పార్టీ ఎంపికలోనే ఓటు వేయాలన్న నియమం చాలు. అవతలి ఇంట్లో ఓటు వేసిన మనిషి ఆ రోజు సొంతింట్లో ఓటు పోగొట్టుకుంటుంది కదా, ఆ నష్టమే ఆమెకు పగ్గం. ముందుగా పార్టీ చెప్పించే జాబితా వద్దు. ఏ ఎంపికలో ఓటు వేసిందన్నది కూడా బయటికి రాకుండా, ఎన్నికలు పార్టీ ఆఫీసులో కాకుండా ఎన్నికల సంఘం చేతి మీదుగా జరగాలి.

దీంతో కొంత అల్లరి జరగవచ్చు, ఒప్పుకుంటాను. తలుపు తెరిచి ఉంటే ఒకరిద్దరు దొంగలు రావచ్చు. మూసి ఉంటే మాత్రం బయట నిలబడేది మనమే.

ఆ అక్క అడిగిన ప్రశ్నను మీ మీ సంఘాలకు తీసుకుపోండి. ఈసారి మీ ఊరికి ఓట్లడగడానికి వచ్చినవాళ్ళను ముందు ఇదే అడగండి: నీకు టికెట్టు ఎవరిచ్చారు, మమ్మల్ని అడిగారా అని.

సెలవు.