ఎలుగుబంట్లు – అడవి బాటలు

కెనడా దేశమున, అల్బర్టా రాష్ట్రపు పడమటి అంచున, రాకీ పర్వతపాదములయందు గ్రిజ్లీ యను పెద్ద ఎలుగుబంటి గలదు. మన అడవుల ఎలుగునకు చెదపురుగులును ఇప్పపువ్వును ఎట్లో, దీనికి చిరుపండ్లును లేతపచ్చికయు నట్లు. ఈ రుచియే దానికి ప్రాణముమీదికి దెచ్చుచున్నది.

కలపకొఱకును చమురుకొఱకును అచట అడవిలో బాటలు వేయుదురు. చెట్లు తొలగినచోట ఎండ పడి, అంచులయందు క్లోవరను లేతమేత యేపుగా పెరుగును. ఎలుగు మేతకు వచ్చును. ఆ బాటనే తుపాకి పట్టి మనుష్యుడును వచ్చును. నల్ల ఎలుగని పొరబడి కాల్చువా డొకడు, దొంగవేటగా డొకడు. బాటకంటె బాట తెచ్చు మనిషియే ముప్పని మేము తలంచుచున్నాము.

ఈ సంగతు లెట్లు తెలిసిన వందురా? 1961లో అమెరికాలోని యెల్లోస్టోనునందు క్రెయిగ్‌హెడ్ సోదరులు ఒక ఆడ ఎలుగు మెడకు రేడియోపట్టీ కట్టిరి. రేడియోలో మాటలాడు మాకిది ముచ్చటయే! నేటి పట్టీలకు ఉపగ్రహముల తోడు గలదు. ఎలుగును పట్టుకొననక్కఱలేని ఉపాయము మఱియొకటి: ఘాటైన ఎరచుట్టును ముళ్ళతీగ కట్టుదురు. మూర్కొనవచ్చిన ఎలుగు తీగకు నాలుగు వెండ్రుకలు విడిచిపోవును. వాని కుదుళ్ళలోని డి.ఎన్.ఎ. అది యే ఎలుగో, ఆడో మగో తెలుపును.

ముఖ్యమైన ఆవాసములలో చదరపు కిలోమీటరునకు 0.6 కిలోమీటరుకు మించి బాట యుండరాదని 2008నాటి అల్బర్టా ప్రణాళిక సూచించినది. బాటకు గేటు వేసినచో వేటకును పండ్లకును పోవువారు కినుక వహింతురు. వారి మాటయు త్రోసిపుచ్చదగినది కాదు. కాని ఆడ గ్రిజ్లీ తొలిసారి ఈనుటకే అయిదాఱేండ్లు, మఱల ఈనుటకు మూడేండ్లు పట్టును.