ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు

తెలుగునాట డీఎస్సీ అను మాట వినని ఇల్లు అరుదు. జిల్లా ఎంపిక సంఘమని దానికి అర్థము. కలెక్టరు అధ్యక్షుడుగా, జిల్లా విద్యాశాఖాధికారి కార్యదర్శిగా ఉండి, ప్రభుత్వ పాఠశాలలకును పరిషత్తు పాఠశాలలకును ఉపాధ్యాయులను ఎన్నుకొనుటకు ఏర్పడిన సంఘమది. కాని వాడుకలో ఆ పేరు సంఘమును విడిచి పరీక్షను పట్టుకొన్నది. “మా అమ్మాయి డీఎస్సీకి చదువుచున్నదండీ” అని తండ్రులు పెండ్లిమాటలలో చెప్పుకొనుట మనము వినుచునే ఉన్నాము. ఏటేట అదే మాట చెప్పవలసివచ్చిన తండ్రులును లేకపోలేదు.

పరీక్షకు ఎట్లు చదువవలెనో చెప్పువారు కృష్ణాజిల్లా అవనిగడ్డ మొదలుకొని హైదరాబాదు వరకు వీధివీధిన ఉన్నారు. ఆ పని మేము పెట్టుకొనుట లేదు. చదువుగాక ఈ వ్యవహారములో రెండు పనులున్నవి. వానిని గూర్చి చెప్పువారు తక్కువ. ఒకటి నిరీక్షణము, రెండవది దరఖాస్తు. ఈ రెండును అభ్యర్థి ఒక్కరి పనులు కావు. ఇంటిల్లిపాదికిని అందులో పాలున్నది. అందువలననే ఈ మాటలు ఇంటివారందరును వినదగినవని తలచితిమి.

ముందు నిరీక్షణము సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో ఒక ప్రకటన వెలువడినది. తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు మరియొకటి వచ్చి, ఎన్నికలు అడ్డురాగా నిలిచి, పిమ్మట రద్దయినది. 2024 జూన్‌లో వచ్చిన ప్రభుత్వము 16,347 పోస్టుల భర్తీకి తొలి సంతకము చేసినది. ఆ సంతకము ప్రకటనగా మారునప్పటికి 2025 ఏప్రిల్ 20 అయినది. తెలంగాణలో 2017 తరువాత 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు ప్రకటన వచ్చినది. దానిని 2024 ఫిబ్రవరిలో రద్దుచేసి 11,062 పోస్టులకు వేరొకటి ఇచ్చిరి. అనగా 2018లో పరీక్ష తప్పిన 22 ఏండ్ల పిల్ల మరల పరీక్ష వ్రాయునప్పటికి 29 ఏండ్లది అయినదన్నమాట. ఖాళీలెన్నియో తేలవలెను, పిల్లల సంఖ్యనుబట్టి ఉపాధ్యాయుల సర్దుబాటు జరుగవలెను, ఆర్థికశాఖ ఒప్పుకొనవలెను, వ్యాజ్యములు తీరవలెను, ఎన్నికలు అడ్డు రాకుండవలెను. ఇన్ని కలిసి వచ్చిననాడు గాని ప్రకటన రాదు.

1998 నాటి డీఎస్సీ కథ ఇందరికిని తెలిసినదే. ఆ ఏట అర్హత పొందియు నియామకము కాక మిగిలిపోయినవారు ఏండ్ల తరబడి కార్యాలయముల చుట్టును న్యాయస్థానముల చుట్టును తిరిగిరి. వారికి ఉద్యోగములిచ్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించినది 2022లో. అప్పటికి వారిలో పలువురు 50 ఏండ్లు దాటియుండిరి. పరీక్ష వ్రాసిననాడు ఒడిలోనున్న బిడ్డ, తల్లికి ఉత్తరువు వచ్చునాటికి తానే ఉద్యోగములకు దరఖాస్తు పెట్టు వయస్సునకు వచ్చినది. దీనిని ఓర్పునకు దృష్టాంతముగా కొందరు మెచ్చుకొనిరి. మాకు మాత్రము అది మెచ్చుకొనదగిన సంగతిగా తోచలేదు. పదవతరగతి పరీక్షవలె ఏటేట జరిగినచో, తప్పినవారికి ఒక ఏడు మాత్రమే పోవును. ఎప్పుడు జరుగునో తెలియని పరీక్షలో తప్పినవారికి ఎంత పోవునో ఎవరు చెప్పగలరు?

కనుక ఇంటిపెద్దలతో ఒక మాట. ప్రకటన వచ్చువరకు అమ్మాయి గాని అబ్బాయి గాని మరి ఏ పనియు చేయకుండ పుస్తకముల ముందు కూర్చుండవలెనని పట్టుపట్టకుడు. 2025లో ఆ 16,347 పోస్టులకు పోటీపడినవారు 3,36,000 మందికి పైగా. వారు పెట్టిన దరఖాస్తులు 5,77,000కు పైగా. ఒక్కొక్క పోస్టుకు ఇంచుమించు 20 మంది. ఉన్న ఊరిలో ఏ ప్రైవేటు బడిలోనో పాఠములు చెప్పుచు చదువుకొనువారికి జీతము స్వల్పమే కావచ్చును. కాని నల్లబల్లతోడి పరిచయము పోదు, నాలుగురిలో తిరుగుట పోదు. పెండ్లిని వాయిదా వేయుట, వైద్యమును వాయిదా వేయుట, ఇట్లు సమస్తమును “డీఎస్సీ అయిన తరువాత” అను అటకమీదికి ఎక్కించుట మంచిది కాదని మా అభిప్రాయము. వయఃపరిమితి కూడ మరీ దగ్గరలో లేదు. సాధారణ అభ్యర్థులకు 2025 ప్రకటనలో ఆంధ్రప్రదేశ్ 44 ఏండ్లును, 2024 ప్రకటనలో తెలంగాణ 46 ఏండ్లును గరిష్ఠ వయస్సుగా పెట్టినవి.

ఇక దరఖాస్తు. ప్రకటన వచ్చిననాటినుండి గడువు ముగియువరకు ఉండునవి కొద్ది వారములు. ఆ వారములలో పరీక్షకు చదువవలసినవారు తహసీల్దారు కార్యాలయమువద్ద నిలుచుండుట మనము ప్రతిసారియు చూచుచున్నాము. ఇది అక్కరలేని బాధ. కావలసిన కాగితములేవో ముందే తెలిసియున్నవి. వానిని తీరికగా సమకూర్చి ఒక సంచిలో పెట్టుట ఇంట మరియొకరు చేయదగిన పని.

వీనిలో మిక్కిలి చిక్కుపెట్టునది స్టడీ సర్టిఫికెట్టు. అభ్యర్థి ఏ జిల్లావాడో తేల్చునది పుట్టిన ఊరును కాదు, ఇప్పుడున్న ఇల్లును కాదు, బాల్యములో చదివిన బడి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము జిల్లా పోస్టులలో నూటికి 80 స్థానికులకు ప్రత్యేకింపబడినవి. 4వ తరగతినుండి 10వ తరగతివరకు చదివిన చోటును బట్టి స్థానికత నిర్ణయమగును. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నాటి నియామకములును ఈ లెక్కమీదనే నడచినవి. తెలంగాణకు 2018లో వచ్చిన క్రొత్త ఉత్తరువు స్థానికుల వాటాను నూటికి 95కు పెంచి, చూడవలసిన తరగతులను 1నుండి 7వరకు మార్చినది. బదిలీల ఉద్యోగుల పిల్లలు మూడేసి జిల్లాలలో మూడేసి బళ్లు చదివియుందురు. ఒక్కొక్క బడినుండి ఒక్కొక్క సర్టిఫికెట్టు తేవలెను. చదివిన ప్రైవేటు బడి మూతపడినదనుకొనుడు. దాని రికార్డు ఎక్కడ చేరినదో మండల విద్యాశాఖాధికారివద్ద విచారింపవలెను. బడికే పోక పరీక్షలు వ్రాసినవారు నివాస ధ్రువపత్రమునకై తహసీల్దారును ఆశ్రయింపవలెను. ఇవి ఒకనాటి పనులా? తాతగారో మేనమామగారో తీరిక గలవారు ఒకరు ఇందుకు పూనుకొన్నచో, చదువుకొను పిల్లకు పది దినములు మిగులును.

రెండవ చిక్కు పేరు. పదవతరగతి మార్కుల పట్టికలో ఎట్లున్నదో అట్లే దరఖాస్తులో ఉండవలెను. మన ఇంటిపేర్లను ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధముగా వ్రాసినాడు. పట్టికలో ఒక తీరు, డిగ్రీలో ఇంకొక తీరు, ఆధార్‌లో మూడవ తీరు. స్త్రీల విషయములో పెండ్లితో ఇంటిపేరు మారుట దీనికి తోడు. అత్తవారి ఇంటిపేరు కుటుంబ వ్యవహారములలో ఎంత ముచ్చటగా వాడుకొన్నను, దరఖాస్తులో మాత్రము పుట్టింటి పేరే, పట్టికలోనున్న అక్షరక్రమముననే రావలెను. వెనుకబడిన తరగతులవారి కుల ధ్రువపత్రము తండ్రి పక్షమునుబట్టి ఇచ్చునదే గాని భర్త పక్షమునుబట్టి కాదు. ఈ సంగతి తెలియక అత్తవారి ఊరి కార్యాలయమునకు పోయి తిరిగివచ్చినవారు ఎందరో.

మూడవది ఇంకను చిన్నది, ఇంకను ప్రమాదకరమైనది. దరఖాస్తు నేడు కాగితముమీద కాదు, కంప్యూటరులో నింపవలెను. చాలమంది ఊరిలోని నెట్ సెంటరుకు పోయి, అక్కడి కుర్రవానికి కాగితములిచ్చి, వెనుక నిలుచుందురు. వాని వేళ్లు చురుకైనవే; కాని వానికి వెనుక ఇంకొక పదిమంది కాచుకొనియున్నారు. స్థానిక జిల్లా, కులవర్గము, బోధనా మాధ్యమము, ఈ గడులలో ఒకటి తారుమారైనచో, ఆ తప్పు ధ్రువపత్రముల పరిశీలననాటికి గాని బయటపడదు. అప్పటికి మార్కులు వచ్చియుండును. ఉద్యోగము చేతికందినట్లే ఉండును. అందుచేత ఆఖరి మీట నొక్కుటకు ముందు అచ్చు ప్రతి ఒకటి తీయించి, ఇంటికి తెచ్చి, ఒకరు బిగ్గరగా చదువుచుండ ఇంకొకరు అసలు కాగితములతో సరిచూచుడు. పొలము దస్తావేజు వ్రాయించునపుడు చూపు శ్రద్ధలో సగము చూపినను చాలును.

అర్హతల విషయమున రెండు మెట్లున్నవి. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చిన పిమ్మట, 2010 ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఉపాధ్యాయ అర్హత పరీక్షను విధించినది. దీనినే టెట్ అందురు. 150 మార్కులు, సాధారణ అభ్యర్థులకు నూటికి 60, వెనుకబడిన తరగతులకు 50, షెడ్యూల్డు కులములకును తెగలకును 40 రావలెను. ఉత్తీర్ణత చాలునని ఊరకుండుట పొరపాటు. డీఎస్సీ తుదిలెక్కలో 80 మార్కులు పరీక్షవి, 20 మార్కులు టెట్‌వి. టెట్‌లో 15 మార్కులు పెరిగినచో తుదిలెక్కలో 2 మార్కులు పెరుగును. ప్రశ్నకు అరమార్కు గల ఆ పరీక్షలో అది నాలుగు ప్రశ్నలకు సమానము. మార్కులో చిన్నపాటి భాగము వరుసలో ఎంతోమందిని ముందువెనుకలు చేయుచున్న కాలములో ఇది తక్కువ సంగతి కాదు. 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానము మరియొక మాట చెప్పినది: పదవీవిరమణకు ఐదేండ్లకు మించి గడువుగల పనిచేయుచున్న ఉపాధ్యాయులును రెండేండ్లలో టెట్ గట్టెక్కవలెనట. ఇంట ఉపాధ్యాయుడైన తండ్రియు, ఉద్యోగము కోరు కుమార్తెయు ఒకే పుస్తకమును పంచుకొను దినములు వచ్చినవన్నమాట.

ఏ శిక్షణ ఏ పోస్టునకు పనికివచ్చునో కూడ ముందే చూచుకొనవలెను. ప్రాథమిక తరగతులు చెప్పు ఎస్జీటీ పోస్టునకు డీఎడ్ కావలెను. బీఎడ్ చదివినవారు దానికి అర్హులు కారని 2023 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. ఎస్జీటీ అనగా సెకండరీ గ్రేడు టీచరు. మదరాసు రాష్ట్రపు దినములలో సెకండరీ చదువు ముగించి శిక్షణ పొందినవారికి పెట్టిన పేరది. ఆనాటి చదువులు మారిపోయినను పేరు మాత్రము మిగిలినది. పేరునుబట్టి హైస్కూలు ఉద్యోగమని భ్రమపడకుడు. అక్షరములు దిద్దించు ఉద్యోగమది.

ఒకరు రెండు మూడు పోస్టులకు దరఖాస్తు పెట్టుట వాడుకయైనది. 2025 ఆంధ్రప్రదేశ్ ప్రకటనలో పోస్టుకు 750 రూపాయల రుసుము. తెలంగాణలో 2024లో వెయ్యి రూపాయలు. రుసుము సంగతి అటుంచి, ఆ 2025 ప్రకటనలో ఏ పోస్టు మొదట కావలెనో, ఏది తరువాతనో దరఖాస్తునాడే చెప్పవలసివచ్చినది. రెండింటను మంచి మార్కులు వచ్చినవారు తరువాత మనస్సు మార్చుకొందుమన్నను వీలుకాలేదు. స్కూల్ అసిస్టెంటు పెద్ద హోదాయని మొదట వ్రాయుట సులభము. చిన్నపిల్లలతో ఓపిక గలవారు, ఆటపాటలతో చెప్పగలవారు, హోదా కొరకు హైస్కూలు గణితమునకు పోయి పాతికేండ్లు చేదుగా గడుపుట ఎందుకు? ఇది ఇంట కూర్చుండి తేల్చుకొనవలసిన మాట. పక్కింటివారు ఏమి వ్రాసినారను దానినిబట్టి వ్రాయదగినది కాదు.

ఎంపికైన తరువాత ఊరు కోరుకొనుట ఉన్నది. 1959 నవంబరు 1న పంచాయతీరాజ్ వచ్చినపుడు ప్రాథమిక పాఠశాలలు సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును చేరినవి. సమితులు పోయి మండలములు వచ్చినను, బడి గోడలమీద మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు అను పేర్లు నేటికిని కనబడును. ఈ బళ్లలో అనుకూలమైనవి సీనియరులు బదిలీలలో ముందుగానే ఎంచుకొందురు. క్రొత్తవారికి మిగులునవి రోడ్డు చివరివి, ఏరు దాటవలసినవి, ఏజెన్సీ కొండలలోనివి. వానిలో పెక్కు ఏకోపాధ్యాయ పాఠశాలలు. అక్కడ ఐదు తరగతులకును ఒక్కరే గురువు. ఆ ఒక్కరు సెలవుపెట్టిననాడు ఆ ఊరిపిల్లలకు బడి ఉండునా, ఉండదా అనునది ప్రక్క ఊరినుండి ఎవరినైనను పంపుదురా అనుదానిమీద ఆధారపడియుండును. దరఖాస్తు పెట్టునపుడే ఈ సంగతి ఇంట అనుకొనవలెను. కోడలికి ఉద్యోగము కావలెను గాని ఊరు విడిచి పోరాదనుట రెండు పడవలమీద కాలుపెట్టుట. అటువంటి ఊరిలో ఇల్లు దొరకునా, చంటిబిడ్డను ఎవరు చూతురు, వారమునకు ఎన్నిదినములు రాగలరు, ఇవన్నియు ఉత్తరువు చేతికి వచ్చిననాడు మొదలుపెట్టి తేల్చుకొను మాటలు కావు.

ఈసారి కాకపోయినవారి విషయము కూడ చెప్పవలెను. టెట్ యోగ్యతాపత్రము ఒకప్పుడు ఏడేండ్లకు మురిగిపోయెడిది. 2021లో దానిని జీవితకాలమునకు మార్చిరి. మార్కులు పెంచుకొనుటకు ఎన్నిసార్లైనను మరల వ్రాయవచ్చును. స్టడీ సర్టిఫికెట్లు మురుగునవి కావు. మురుగునవి ఆదాయమునకు సంబంధించిన పత్రములు మాత్రమే; వానిని ప్రకటన వచ్చిన వెంటనే క్రొత్తగా తీసికొనవలెను. తక్కినవన్నియు ఉన్న ఆ సంచిని చెద పట్టని చోట, చేతికందు బీరువాలో ఉంచుడు.