పునాదికి ముందు అడగవలసినవి



మస్జిదు పక్కనున్న వక్ఫ్ స్థలంలో మన ఆడపిల్లల కోసం చదువుల భవనం కట్టాలని నిర్ణయించుకున్నాం. నక్షా గీయమంటారా అని ఇంజనీరు గారు అడుగుతున్నారు. మూడు నెలలు ఆగమని మేము కోరాము. ఈ ఆలస్యం దేనికని కొందరు నొచ్చుకున్నారు. వారికి జవాబు చెప్పడం మా బాధ్యత.

పదిహేనేళ్ల కిందట షాదీఖానాను మేమే దగ్గరుండి కట్టించాము. ముఖద్వారం ఘనంగా వచ్చింది. స్త్రీల భోజనశాలను మాత్రం పై అంతస్తులో పెట్టాము. ఆ నిటారు మెట్లు ఎక్కలేక వృద్ధ మహిళలు కింద వరండాలోనే కూర్చొని భోంచేశారు. నల్లరేగడి నేల అని తెలిసీ మట్టి పరీక్ష చేయించలేదు. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేల మూడేళ్లలోనే గోడలను బీటలు వార్చింది. మరమ్మతులకు పోసిన సొమ్ము పండ్ల బండ్లు తోసేవారిది, బీడీలు చుట్టే తల్లులది. తప్పు మేస్త్రీది కాదు, అడగకుండా కట్టిన మాది.

2005లో ఏర్పడిన జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. అంతకుముందు మన వెనుకబాటును గోడుగా చెప్పుకునేవాళ్లం. ఆ తరువాత లెక్కలతో చూపగలిగాం. సమాచారానికున్న బలం అది. ప్రభుత్వాన్ని లెక్కలు అడిగే మనం మన భవనానికి లెక్క చూసుకోకపోతే ఎలా?

మొదట కాగితాలు. వక్ఫ్ గెజిట్‌లోని సర్వే నంబరు, విస్తీర్ణం రెవెన్యూ రికార్డులతో సరిపోతున్నాయో లేదో చూడాలి. హద్దులు కొలిపించాలి. వక్ఫ్ బోర్డు, మునిసిపాలిటీ అనుమతులకు ఏమేం కావాలో తెలుసుకోవాలి. మొదటి కాగితం సరిగా లేని ఫైలుపై చివరి సంతకం నిలవదని గుమాస్తా ఉద్యోగం మాకు నేర్పింది.

రెండవది నేల. మట్టి పరీక్ష చేయించాలి. పెద్ద వానకు నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో, ఎటు పారుతుందో ఇరుగుపొరుగును అడగాలి. ఫైరింజను ఆ సందులో తిరగగలదా? కరెంటు తీగలు ఎంత దూరాన ఉన్నాయి? మనకు ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, కొంచెం ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. గోడలు లేచాక నమాజు గదిలో సఫ్‌లు ఐమూలగా వేసుకునే కంటే ముందే దిక్కు చూసుకోవడం మేలు.

మూడవది మనుషులు. పదో తరగతి తరువాత ఎందరు అమ్మాయిలు చదువు మానుకున్నారు? కారణం దూరమా, బస్సు లేకపోవడమా, సాయంత్రం ఒంటరిగా తిరిగి రావాలనే భయమా? ఈ ప్రశ్నలకు తండ్రుల జవాబులు చాలవు. అమ్మాయిలను, తల్లులను అడగాలి. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ కూడా మన బిడ్డే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు దారి కావాలి. దానికి నక్షాలోనే చోటుండాలి.

చివరిది నిర్వహణ. కరెంటు బిల్లు, కాపలా మనిషి జీతం, మరుగుదొడ్ల శుభ్రత ఖర్చు ప్రతినెలా ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడే రాసుకోవాలి.

సంప్రదింపు మన ధర్మంలో కొత్త మాట కాదు. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే షూరా. కనుక వీధికి ఇద్దరు చొప్పున, వారిలో ఒకరు తప్పక స్త్రీ అయి ఉండేలా, ఇంటింటికీ వెళ్లేందుకు ఈ సభలోనే పేర్లు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాము. నాడు మన తల్లులను వరండాలో కూర్చోబెట్టాము. రేపు మన బిడ్డలను కూర్చోబెట్టకూడదు.