బుడగల బకెట్టులో కనకాంబరం నారు

(సంఘం రాష్ట్ర శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి గిట్టుబాటు ధరల గురించి, కౌలు గుర్తింపు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. అవి పెద్ద విషయాలు. ఇప్పుడు మేం చెప్పబోయేది ఒక పెయింటు బకెట్టు గురించి. వెనక వరసలో నవ్వుతున్నారు, నవ్వండి, పర్వాలేదు. మా గ్రామ శాఖలో ఏడుగురం కలిసి దీన్ని తయారుచేసి రెండేళ్ళుగా వాడుతున్నాం. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో కూడా చెప్తాం.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మాది చిత్తూరు వైపు. పూల రైతులు ఎక్కువ, అందరికీ అరెకరం, ముప్పావు ఎకరం. కనకాంబరంలో ఢిల్లీ రకం మీకందరికీ తెలుసు. రంగు బాగుంటుంది, మార్కెట్లో అదే అడుగుతారు. కానీ దానికి గింజ పట్టదు. మామూలు మొక్కలో రెండు వరసలుండే క్రోమోజోములు దాంట్లో మూడు వరసలుంటాయి, అందుకే గొడ్డుమొక్క అయింది. అంటే కొమ్మ నుంచి తప్ప ఇంకో దారిలో ఆ మొక్క రాదు. పల్లెల్లో నారు పోసుకోవడం అందరికీ చేతనైన పనే, కొమ్మకు వేరు తెప్పించడం మాత్రం నర్సరీ పని అని వదిలేశాం. వరసకూ వరసకూ 60, మొక్కకూ మొక్కకూ 40 సెంటీమీటర్లు వదిలితే ఎకరానికి 16 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. మొక్కకు ఒక్క రూపాయి పెరిగినా 16 వేలు మన జేబులోంచి పోయినట్టే.

డబ్బు ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చి చెప్పేవాళ్ళం కాదు. అసలు దెబ్బ కవరు మట్టిలో ఉంది. కనకాంబరానికి నులిపురుగు పెద్ద శత్రువు. కంటికి కనపడదు. వేళ్ళ మీద బుడిపెలు కడతాయి, లేదా వేళ్ళు నల్లబడి పుండ్లు పడతాయి. ఆ గాయంలోంచి ఎండు తెగులు దూరుతుంది. మొక్క మొదటి ఏడు పూస్తుంది. రెండో ఏడు, సరిగ్గా పెట్టుబడి తిరిగి రావాల్సిన సమయానికి, ఆకు చిన్నదై, పసుపుబారి, చేను అక్కడక్కడా ఖాళీ అవుతుంది. మా ఊళ్ళో ఇద్దరు రైతులు ఒక నర్సరీ నుంచి తెచ్చిన నారులో ఇదే జరిగింది. మిగిలిన మొక్కల్ని కవరు చింపి చూస్తే వేళ్ళనిండా బుడిపెలు. తీసుకెళ్ళి అడిగితే మీ నేలలోంచే ఎక్కిందన్నారు. నాటని మొక్కకు మా నేలలోంచి ఎట్లా ఎక్కుతుందంటే సమాధానం లేదు. కొన్నప్పుడు బిల్లు అడిగితే ఇవ్వలేదు, తర్వాత అడిగితే అసలు అమ్మలేదన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నులిపురుగు ఉండేది మట్టిలోనూ వేరులోనూ. లేత కొమ్మ చివరలో ఉండదు. మట్టి తగలకుండా ఆ చివరకు వేరు తెప్పించగలిగితే మొక్క శుభ్రంగా మొదలవుతుంది. మాకు బకెట్టు మీద ఆశ పుట్టింది ఇందుకే.

దీన్ని బబుల్ ప్రొపగేటర్ అంటారు. మా ఊరి ఆడవాళ్ళు బుడగల బకెట్టు అన్నారు, మాకూ అదే అలవాటైంది. గ్లాసు నీళ్ళలో కొమ్మ పెడితే నాలుగు రోజుల్లో నీళ్ళు కంపు కొట్టి కొమ్మ మెత్తబడటం అందరం చూసిందే. కొత్త వేరు పుట్టాలంటే కొమ్మ మొదలుకు తడితోపాటు గాలి కూడా కావాలి, కదలని నీటిలో అది చాలదు. ఈ బకెట్టులో కొమ్మ మొదలు నీటికి కొంచెం పైన వేలాడుతుంది. కింద గాలిరాయి నుంచి బుడగలు పైకొచ్చి పగులుతాయి. పగిలినప్పుడల్లా సన్నని తుంపర మొదలుకు తగులుతుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ విత్తన దుంపల కోసం వేళ్ళను గాలిలో వేలాడదీసి తుంపర కొట్టే పద్ధతి తయారుచేసింది. అది లక్షల ఖర్చుతో కూడిన పని. మూలసూత్రం మాత్రం మన బకెట్టుదీ అదే.

20 లీటర్ల పెయింటు బకెట్టు మూతతో సహా తీసుకోండి. బాగా కడగాలి. తెల్లదైతే బయట నల్లరంగు పూయండి, లేదా గోనెపట్టా చుట్టండి. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది. మూతకు అంగుళం వెడల్పు రంధ్రాలు పెట్టాలి. మేం ఇనుప గొట్టం ముక్క కాల్చి పెట్టాం. మూతకు 20, 25 రంధ్రాలు చాలు, ఇంకా ఇరికిస్తే ఆకులు ఒకదానిమీద ఒకటి పడి బూజు వస్తుంది. కొమ్మను పట్టుకోవడానికి మెత్తని బిరడాలు కావాలి. బజార్లో అమ్మేవి ఉన్నాయి, మాకు మాత్రం అరిగిపోయిన హవాయి చెప్పులు సరిపోయాయి. సబ్బుతో కడిగి, రంధ్రం కంటే కాస్త పెద్దగా గుండ్రంగా కోసి, అంచు నుంచి నడుమ దాకా ఒక గాటు పెడితే చాలు. కొమ్మ ఆ గాటులో కూర్చుంటుంది.

చేపల తొట్టెలకు సామాన్లమ్మే దుకాణంలో చిన్న గాలి పంపు, సన్నని గొట్టం, రెండు గాలిరాళ్ళు దొరుకుతాయి. మాకు మొత్తం వెయ్యి రూపాయల లోపే అయింది. 5 వాట్ల పంపు రోజంతా ఆడితే 0.12 యూనిట్, నెలకు నాలుగు యూనిట్లు కూడా కాదు. పంపును నేలమీద పెట్టకండి. బకెట్టులోని నీటిమట్టం కంటే ఎత్తులో గోడకు మేకు కొట్టి వేలాడదీయండి. కిందపెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులో చేరతాయి. పంపు కాలిపోవడం ఒకటి, ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు, షాకు కొట్టడం ఇంకొకటి.

నీళ్ళు సగం బకెట్టు పోసి, మూత పెట్టాక కొమ్మ మొదలుకు అంగుళం కిందుగా ఉండేట్టు చూడండి. ఉప్పు బోరు నీళ్ళు వద్దు. వాన నీళ్ళు మేలు. కుళాయి నీళ్ళయితే రాత్రంతా తెరిచిపెట్టి వాడండి. ఎరువు, యూరియా ఏమీ కలపకండి. వేరే లేని కొమ్మకు తిండి పెట్టి ఏం లాభం, పాచికి పెట్టినట్టవుతుంది.

కొమ్మ విషయానికొస్తే, ఇక్కడే సగం పని ఉంది. ఒక పూట చేనంతా తిరిగి బాగా పూసే మొక్కలకు, తెగులు లేని మొక్కలకు ముందే గుడ్డపీలిక కట్టుకోండి. ఈ పనికి మగవాళ్ళకంటే పూలు కోసే ఆడవాళ్ళు నయం. ఏ మొక్క ఎన్ని రోజులు పూసిందో వాళ్ళకు చేతివేళ్ళకు తెలుసు. ఆకు మీద పచ్చ, పసుపు కలిసిన మచ్చలున్న మొక్క జోలికి పోకండి. నులిపురుగు కొమ్మలో రాదు గానీ వైరస్ వస్తుంది. తెల్లవారుజామున, కొమ్మ నీటితో బిగువుగా ఉన్నప్పుడు, పూత లేని లేత కొమ్మను నాలుగైదు అంగుళాలు, కణుపు కిందుగా కొత్త బ్లేడుతో కోయండి. కింది ఆకులు తీసేసి పైన రెండు మూడు ఉంచండి, పెద్దవైతే సగానికి కత్తిరించండి. వేరు హార్మోను పొడి ఇక్కడ దండగ, తుంపర కడిగేస్తుంది. మల్లెలాంటి గట్టి కొమ్మకు కావాలంటే ద్రవంగా దొరికేదాంట్లో కొన్ని సెకన్లు ముంచి, ఆరనిచ్చి పెట్టండి. కనకాంబరానికి, చామంతికి మేం ఏదీ వాడటం లేదు.

బకెట్టును నీడలో పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పండి. వారానికి మొదలు దగ్గర తెల్లని గుల్లలు కనిపిస్తాయి, రెండు వారాలకు వేళ్ళు దిగుతాయి. అన్నీ రావు. కుళ్ళింది కనపడిన రోజే తీసి పారేయాలి. అందరికీ ఒకే నీళ్ళు కాబట్టి ఒకదానికి పట్టింది మిగతా వాటికి పాకుతుంది.

ఇక మన ఎండల సంగతి. దీన్ని చల్లటి దేశాల వాళ్ళు రాసిన పద్ధతిలో ఏప్రిల్‌లో మన వరండాలో పెడితే కొమ్మలు ఉడికిపోతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. కుళ్ళు తెగుళ్ళకు అదే వేడి పండగ. తడి గోనెపట్టా చుట్టి, బకెట్టును సగం దాకా ఇసుకలో పాతితే కొంత నయం. అంతకంటే మంచి ఉపాయం మాలో ఒకరికి తట్టింది. బకెట్టు బదులు పాత మంచినీళ్ళ కుండ తీసుకుని, మూతిమీద రంధ్రాలు పెట్టిన చెక్కపలక పెట్టాం. కుండ చెమర్చి నీళ్ళను చల్లగా ఉంచుతుంది. ఆ చెమ్మకే నీళ్ళు తగ్గుతుంటాయి, రోజూ చూసి పోసుకోవాలి. వేసవిలో నీళ్ళు మూడు రోజులకోసారి పూర్తిగా మార్చండి. అయినా మేం ఎండాకాలం ఈ పని పెట్టుకోవడం తగ్గించేశాం. తొలకరి తర్వాతా చలికాలంలోనూ చేసేవాటికీ వేసవిలో చేసేవాటికీ పోలికే లేదు.

కరెంటు కోత గురించి అందరూ అడుగుతారు. గంట రెండు గంటలు పోతే ఏమీ కాదు, లోపల తడి ఉంటుంది. పూటంతా పోయేట్టుంటే కొమ్మ మొదళ్ళు మునిగే దాకా నీళ్ళు పోసి, కరెంటు వచ్చాక తగ్గించండి.

వేళ్ళు అంగుళం, అంగుళంన్నర కాగానే తీసేయాలి. బారెడు వేళ్ళు చూసి మురిసిపోయి ఉంచకండి. నీటిలో పుట్టిన వేరు పెళుసు, పొడవైతే నాటేటప్పుడు విరుగుతుంది. కొబ్బరిపొట్టు, మాగిన వర్మీకంపోస్టు కలిపిన చిన్న కవర్లలో పెట్టి, పది రోజులు నీడలో తడి ఆరకుండా చూసి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి. ఈ కవర్లలో చేనుమట్టి కలిపితే ఇన్నాళ్ళు పడ్డ పాట్లన్నీ వృథా, మళ్ళీ నులిపురుగును మనమే పిలిచినట్టు.

ఒక్క బకెట్టుతో ఎకరం నాటగలమా అంటే నాటలేం. ఎవరైనా అట్లా చెప్తే నమ్మకండి. రెండు బకెట్లలో 40 మొక్కలు వస్తాయనుకుందాం. అవి తల్లిమొక్కలు. మే నెల ఎండలో తెల్లటి పారదర్శక ప్లాస్టిక్ షీటు తడి నేలమీద కప్పి నాలుగైదు వారాలుంచితే ఆ మడి మట్టిలో నులిపురుగు చాలావరకు చస్తుంది. నల్లషీటుతో అంత వేడి రాదు. ఆ మడిలో వేపపిండి కలిపి తల్లిమొక్కల్ని నాటండి. ఒక్కొక్కటి ఎనిమిది కొమ్మలిస్తే 320, వాటి నుంచి ఇంకోసారి తీస్తే రెండున్నర వేలు, మూడోసారికి ఎకరానికి సరిపడా దాటుతుంది. పెద్ద సంఖ్యలో తీసేటప్పుడు బకెట్టు అక్కర్లేదు, నీడవల కింద కడిగిన ఇసుక, కొబ్బరిపొట్టు చాలు. మొదటి 40 శుభ్రమైనవి సంపాదించడానికే బకెట్టు. ఒక్కరు చేస్తే ఏడాది పైన పడుతుంది. ఏడుగురం కలిస్తే త్వరగా అయింది. తల్లిమడి ఒకరి చేనులో, లెక్క అందరిదీ.

వేరే పంటల గురించి పొద్దున కొందరు అడిగారు. దొండకు ఇది బాగుంటుంది. గింజ వేస్తే మగతీగలు కూడా వస్తాయి, కాయకాసే తీగ నుంచి ముక్క తీస్తే ఆ బెడద లేదు. మామిడికి, సపోటాకు పనికిరాదు, వాటికి అంటే గతి. డ్రాగన్ ఫ్రూట్ ముక్కను గాయం ఆరబెట్టి పొడి ఇసుకలో పెట్టాలి, దీంట్లో పెడితే కుళ్ళుతుంది. నేపియర్ గడ్డికి రెండు కణుపుల ముక్క నేలలో గుచ్చితే వస్తుంది, దానికి బకెట్టు ఎందుకు? అనంతపురం మిత్రులకు దానిమ్మ గురించి ఒక హెచ్చరిక. మీ తోటల్ని తినేస్తున్న బ్యాక్టీరియా మచ్చ తెగులు కొమ్మలోనే ప్రయాణం చేస్తుంది. తెగులున్న తోట కొమ్మ ఒక్కటి పడితే బకెట్టు మొత్తానికి అంటించినట్టే. ఏజెన్సీ మిత్రుల మిరియానికీ ఇదే మాట, కుళ్ళు తెగులుకు నీళ్ళే దారి. మీరు ఇసుక, కవర్లతోనే చేసుకోండి.

ఇట్లా కొమ్మలు పెంచి పంచుకోవడానికి మనకు హక్కుందా అని కొందరికి అనుమానం. ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ చూడండి. రక్షణ పొందిన రకమైనా సరే, రైతు దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి అమ్మడం మాత్రం కుదరదు. మొక్క పుట్టించే కొమ్మ కూడా ఆ చట్టం లెక్కలో విత్తనమే. కానీ మనం నర్సరీ పెట్టి వ్యాపారం మొదలుపెడితే అది వేరే సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి.

బకెట్టు ఉంది కదా అని నర్సరీలను వదిలిపెట్టడం కూడా మా ఉద్దేశం కాదు. మామిడి, బత్తాయి, కొబ్బరి ఎప్పుడూ కొనాల్సినవే. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని తేల్చింది. ఆ పోరాటం చేసింది మన రాష్ట్ర రైతులే. అయితే ఇప్పుడు కమిషన్‌గా మారిన ఆ ఫోరం ముందు నిలబడాలంటే చేతిలో కాగితం ఉండాలి. బిల్లు ఇవ్వని చోట, రిజిస్ట్రేషన్ నంబరు చూపని చోట మన సంఘం సభ్యులు మొక్క కొనకూడదని మండల కమిటీలు తీర్మానం చేయాలని ప్రతిపాదిస్తున్నాం. నారు దింపుకునే రోజు నాలుగు కవర్లు చింపి వేళ్ళు చూసే హక్కు కూడా అడగాలి. ఊరంతా ఒకే మాటమీద ఉంటే ఇస్తారు.

బకెట్టు ఒకటి, కుండ ఒకటి తెచ్చాం, అదిగో ఆ మూల ఆడుతున్నాయి. పన్నెండు రోజుల కిందట పెట్టిన కొమ్మలు. భోజనాలయ్యాక మూత తీసి చూపిస్తాం. చెప్పులు కోసి బిరడాలు చేయడం కూడా అక్కడే నేర్పిస్తాం, పాతవి ఎవరి దగ్గరైనా ఉంటే తెండి.