రెండో మూలప్రతి: ఇరవయ్యో శతాబ్దపు వయొలిన్ కన్సర్టోలు, వాటి రికార్డులు

బ్రామ్స్ వయొలిన్ కన్సర్టోను 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించినవాడు యోసెఫ్ యోఆకిమ్. ఆ కృతి అతని సలహాలతో రూపు దిద్దుకుంది, అతనికే అంకితమైంది. యోఆకిమ్ 1903లో గ్రామఫోను కొమ్ము ముందు నిలబడి కొన్ని చిన్న రచనలు రికార్డు చేశాడు. వాటిలో ఆ కన్సర్టో లేదు. పెద్ద ఆర్కెస్ట్రాతో నలభై నిమిషాలు సాగే కృతి ఆనాటి ప్లేటులో ఇమిడేది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు గొప్ప కన్సర్టోలన్నిటి కథా ఇంతే. స్వరలిపి మిగిలింది, మొదటి వాద్యం గాలిలో కలిసిపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో పరిస్థితి మారింది. కృతి ఎవరి కోసం రాశారో, ఎవరు మొదట వాయించారో, స్వరకర్త ఎవరి వాద్యాన్ని మెచ్చాడో చాలా సందర్భాల్లో చెవితోనే తెలుసుకోవచ్చు. అచ్చయిన స్వరలిపి మొదటి మూలప్రతి అయితే, రికార్డు రెండోది.

కర్ణాటక కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది, తన వంతు రాగానే రాగాన్నీ కల్పనస్వరాన్నీ అప్పటికప్పుడు అల్లుతుంది. కన్సర్టోలో ఆ వెసులుబాటు లేదు. సాధారణంగా మూడు భాగాలుండే ఈ కృతిలో ఆర్కెస్ట్రా ఒకవైపు, ఒంటరి వాద్యకారుడు మరొకవైపు. ఆర్కెస్ట్రా ఆగి వాద్యకారుడు ఒక్కడే వాయించే కాడెంజాను కూడా ఈ శతాబ్దపు స్వరకర్తలు చాలావరకు తామే రాసిపెట్టారు. అందరూ వాయించేది అవే స్వరాలు గనుక తేడా అంతా నడకలో, కమాను ఒత్తిడిలో, స్వరాన్ని పట్టి వదిలే తీరులో ఉంటుంది. ఆ తేడాను కాగితం చూపలేదు, రికార్డు చూపుతుంది.

ప్లేటు కొలత

పన్నెండు అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. 1925లో మైక్రోఫోన్ వచ్చేదాకా ధ్వనిని కొమ్ముతోనే పట్టేవారు. ఈ ఇబ్బందులు కృతిని ఎంతగా కత్తిరించాయో ఎల్గర్ కన్సర్టో చరిత్ర చెబుతుంది.

ఈ కన్సర్టోను 1910 నవంబరు 10న లండన్ క్వీన్స్ హాల్‌లో ఎల్గర్ నిర్వహణలో ఫ్రిట్జ్ క్రైజ్లర్ మొదట వాయించాడు. 1916లో మేరీ హాల్ సోలో వాద్యకారిణిగా ఎల్గరే దీన్ని రికార్డు చేయించాడు, అయితే నాలుగు వైపులకు సరిపడేలా కుదించి. మూడో భాగంలోని కాడెంజాలో ఆర్కెస్ట్రా తీగల్ని మెల్లగా మీటే చోటు ఒకటుంది. ఆ సన్నని ధ్వని కొమ్ముకు అందదని స్వరకర్తే హార్ప్ చేర్చాడు. 1929లో ఆల్బర్ట్ సామన్స్, హెన్రీ వుడ్ కలిసి కృతిని పూర్తిగా రికార్డు చేశారు.

ఈ కన్సర్టో రికార్డుల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1932 జూలైది. దీన్ని ఏర్పాటు చేసినవాడు రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను ప్లేటుకెక్కించింది కూడా ఆయనే. ఎల్గర్‌కు అప్పుడు 75 ఏళ్లు, సోలో వాద్యకారుడు యెహూదీ మెనూహిన్‌కు 16. ముందుగా పియానో సాయంతో మెనూహిన్ కాస్త వాయించగానే, ఇక సాధన అక్కర్లేదని చెప్పి ఎల్గర్ గుర్రప్పందేలకు వెళ్లిపోయాడట. మెనూహిన్ ఈ సంగతిని జీవితాంతం చెప్పుకున్నాడు. ఆబీ రోడ్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన ఈ రికార్డు ఆరు ప్లేట్లుగా వెలువడింది. సామన్స్ వాద్యం చురుగ్గా, గంభీరంగా సాగితే మెనూహిన్ వాద్యం నిదానంగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. స్వరకర్త పక్కనే ఉన్నాడు కాబట్టి రెండోదే సరైనదని అనలేం. సంప్రదాయం ఈ రెండు దారుల్నీ నిలుపుకుంది. కృతి అంకితం పొందిన క్రైజ్లర్ మాత్రం దాన్ని ఎన్నడూ రికార్డు చెయ్యలేదు.

సిబేలియస్: రికార్డు నిలబెట్టిన కృతి

సిబేలియస్ కన్సర్టో 1904 ఫిబ్రవరిలో హెల్సింకీలో తొలిసారి వినిపించినప్పుడు ఆదరణ దక్కలేదు. స్వరకర్త దాన్ని బాగా కుదించి తిరగరాశాడు. కొత్త రూపాన్ని 1905 అక్టోబరులో బెర్లిన్‌లో రిఖార్డ్ స్ట్రౌస్ నిర్వహణలో కారెల్ హాలీర్ వాయించాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు దీన్ని పట్టించుకున్నవారు తక్కువే.

1934లో యాషా హైఫెట్జ్ స్టొకోవ్‌స్కీతో ఫిలడెల్ఫియాలో దీన్ని రికార్డు చేశాడు కానీ విడుదలకు ఒప్పుకోలేదు. 1935 నవంబరులో లండన్‌లో థామస్ బీచమ్‌తో మళ్లీ చేశాడు, ఈసారి ఒప్పుకున్నాడు. కన్సర్టో ప్రపంచమంతా తిరగడం ఆ ప్లేట్లతో మొదలైంది. హైఫెట్జ్ వాద్యంలో తడబాటు అన్నది లేదు. కష్టమైన చోట వేగం తగ్గించడు, పైగా పెంచుతాడు. 1959లో షికాగో సింఫనీ, వాల్టర్ హెండల్‌తో చేసిన స్టీరియో రికార్డులో ఈ స్వభావం ఇంకా స్పష్టం.

దీనికి ఎదురు ధ్రువం ఫ్రెంచ్ వాద్యకారిణి జినెట్ నెవో. 1935లో వార్సాలో జరిగిన వియెన్యావ్‌స్కీ పోటీలో 15 ఏళ్ల వయసులో ఆమె మొదటి స్థానం గెలిచింది. రెండో స్థానం డేవిడ్ ఓయిస్ట్రాక్‌ది. 1945 నవంబరులో వాల్టర్ సస్కిండ్ నిర్వహణలో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో ఆమె సిబేలియస్‌ను రికార్డు చేసింది. హైఫెట్జ్ దగ్గర మంచులా చల్లగా మెరిసే తొలి భాగం ఆమె దగ్గర నిప్పులా ఉంటుంది. రెండో భాగంలోని దీర్ఘస్వరాలను ఆమె కమాను చివరిదాకా వదలదు. 1949 అక్టోబరు 28న అజోర్స్ దీవుల్లో జరిగిన విమాన ప్రమాదంలో నెవో మరణించింది, అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. ఈ కృతిపై ఆమె ఆలోచనకు ఇప్పుడు మిగిలిన ఆధారం రికార్డే.

సిబేలియస్ పక్కన పెట్టేసిన 1904 నాటి రూపం దాదాపు తొమ్మిది దశాబ్దాలు మరుగునే ఉంది. కుటుంబం అనుమతితో లియోనిడాస్ కవాకోస్, ఓస్మో వాన్‌స్కా, లాటీ సింఫనీ ఆర్కెస్ట్రా దాన్ని రికార్డు చెయ్యగా 1991లో విడుదలైంది. తొలి భాగంలో రెండో కాడెంజా ఉండేదనీ, స్వరకర్త ఎంత అలంకారాన్ని తీసి పారేశాడో కూడా శ్రోతలకు అప్పుడే తెలిసింది.

రాయించుకున్నవారు

ఈ శతాబ్దపు కన్సర్టోల్లో పలు కృతులు వాద్యకారులు అడిగి, కొన్నిసార్లు డబ్బిచ్చి రాయించుకున్నవి. స్ట్రావిన్‌స్కీ కన్సర్టోను 1931లో బెర్లిన్‌లో మొదట వాయించిన శామ్యూల్ డుష్కిన్, 1935లో స్వరకర్త నిర్వహణలోనే పారిస్‌లో రికార్డు చేశాడు. 1961లో ఐజాక్ స్టెర్న్‌తో స్ట్రావిన్‌స్కీ మళ్లీ అదే కృతిని రికార్డు చేశాడు. నిర్వహించిన చెయ్యి ఒకటే అయినా రెండూ ఒకేలా లేవు.

వాల్టన్ కన్సర్టో హైఫెట్జ్ కోరికపై పుట్టింది. 1939 డిసెంబరులో క్లీవ్‌లాండ్‌లో దాన్ని మొదట వాయించిన హైఫెట్జ్, 1941లో సిన్సినాటి ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. వాల్టన్ ఆర్కెస్ట్రా రచనను సవరించాక, 1950లో వాల్టన్ నిర్వహణలోనే మరోసారి చేశాడు. కోర్న్‌గోల్డ్ కన్సర్టో 1947లో సెయింట్ లూయిస్‌లో హైఫెట్జ్ చేతనే వెలుగు చూసింది, 1953లో ఆయన వాద్యంతో రికార్డుకెక్కింది. సినిమా సంగీతం వాసన ఉందని విమర్శకులు పెదవి విరిచిన ఆ కృతిని చాలాకాలం బతికించింది ఆ రికార్డే.

బెర్గ్, బార్టోక్

ఆల్బన్ బెర్గ్ కన్సర్టోకు డబ్బిచ్చి రాయించినవాడు అమెరికన్ వాద్యకారుడు లూయిస్ క్రాస్నర్. 1935 ఏప్రిల్‌లో 18 ఏళ్ల మానన్ గ్రోపియస్ మరణించడంతో బెర్గ్ దాన్ని ఒక దేవదూత స్మృతికి అంకితం చేశాడు. అదే ఏడాది డిసెంబరు 24న తానూ కన్నుమూశాడు, కన్సర్టోను వినలేదు. 1936 ఏప్రిల్‌లో బార్సిలోనాలో క్రాస్నర్ దాన్ని మొదట వాయించాడు. మే 1న లండన్‌లో బీబీసీ ఆర్కెస్ట్రాతో వాయించినప్పుడు నిర్వాహకుడు బెర్గ్ ఆప్తమిత్రుడు ఆంటన్ వెబెర్న్. ఆ ప్రసారాన్ని క్రాస్నర్ ప్లేట్లపై భద్రపరచుకున్నాడు. గీతలు పడి, చిటపటలాడే ఆ ప్లేట్లు దశాబ్దాల తర్వాత సీడీగా వచ్చాయి. లెక్కల సంగీతమని పేరుపడ్డ ఈ కృతిని దాన్ని బాగా ఎరిగినవారు ఎంత నెమ్మదిగా, ఎంత ఆర్ద్రంగా వాయించారో ఆ రికార్డు చెబుతుంది.

బార్టోక్ రెండో కన్సర్టోను జోల్తాన్ సేకే కోసం 1937-38లో రాశాడు. స్వరకర్త ఒకే బాణీని రకరకాలుగా మార్చుతూ సాగే ఒక పెద్ద వైవిధ్యమాలిక రాయాలనుకున్నాడు, మిత్రుడు మూడు భాగాల కన్సర్టో కావాలన్నాడు. బార్టోక్ అడిగినదే ఇచ్చాడు, కానీ రెండో భాగాన్ని వైవిధ్యమాలికగా, మూడో భాగాన్ని మొదటి భాగానికి మారురూపంగా మలిచి తన పంతమూ నెగ్గించుకున్నాడు. 1939 మార్చి 23న ఆమ్‌స్టర్‌డామ్‌లో మెంగెల్‌బెర్గ్ నిర్వహణలో జరిగిన తొలి ప్రదర్శన రికార్డు నిలిచి ఉంది. తర్వాత ఈ కృతిని భుజాన వేసుకున్నవాడు మెనూహిన్. ఆయన రికార్డుల్లో 1953లో ఫుర్ట్‌వాంగ్లర్‌తో చేసినది ముఖ్యమైనది.

ఓయిస్ట్రాక్, షోస్టకోవిచ్

షోస్టకోవిచ్ మొదటి కన్సర్టోను 1947-48లో రాశాడు. 1948 ఫిబ్రవరిలో సోవియట్ పార్టీ తీర్మానం ఆయన సంగీతాన్ని ఖండించడంతో స్వరలిపి సొరుగులోకి వెళ్లింది. స్టాలిన్ మరణించాక, 1955 అక్టోబరు 29న, లెనిన్‌గ్రాడ్‌లో మ్రావిన్‌స్కీ నిర్వహణలో ఓయిస్ట్రాక్ దాన్ని మొదటిసారి వాయించాడు. మూడో భాగం చివర సుదీర్ఘమైన కాడెంజా ఉంది. అది ముగియగానే విరామం లేకుండా చివరి భాగం మొదలవుతుంది. నుదుటి చెమట తుడుచుకునే వ్యవధి అయినా ఇమ్మని ఓయిస్ట్రాక్ అడిగితే, షోస్టకోవిచ్ చివరి భాగం ఆరంభాన్ని ఆర్కెస్ట్రాకు అప్పగించాడు. ఈనాడు అందరూ వాయించేది ఆ సవరణనే.

1956 జనవరిలో న్యూయార్క్‌లో మిత్రోపూలోస్‌తో ఓయిస్ట్రాక్ చేసిన రికార్డు, అదే ఏడాది మ్రావిన్‌స్కీతో చేసిన రికార్డు ఈ కృతికి పునాదులు. తీర్పరి దొరకని మనిషి వాంగ్మూలంలా ఓయిస్ట్రాక్ కాడెంజాను ఎక్కడా అరవకుండా, స్వరం తర్వాత స్వరం పేర్చుకుంటూ పోతాడు.

టేపు వచ్చాక

1948లో కొలంబియా కంపెనీ ఎల్పీని తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టడంతో కన్సర్టోను నాలుగు నిమిషాల ముక్కలుగా విరిచే అవస్థ తప్పింది. టేపుతో తప్పుల్ని కత్తిరించి అతికించే వీలు దొరికింది. 1958 నుంచి స్టీరియో ఎల్పీలు ఇళ్లకు చేరాయి, 1982లో సీడీ వచ్చింది. దీనివల్ల లాభనష్టాలు రెండూ ఉన్నాయి. ఆర్కెస్ట్రాలోని సన్నని పోగులు వినిపించసాగాయి. పాత ప్లేటులో ఆపకుండా నాలుగు నిమిషాలు వాయించక తప్పని వాద్యకారుడి సాహసం మాత్రం తగ్గింది.

తర్వాతి తరాలవారు పాతవాటికి బదులు చెప్పారు. 1994లో మాక్సిమ్ వెంగెరోవ్, రొస్త్రొపోవిచ్ రికార్డు చేసిన షోస్టకోవిచ్, ప్రొకోఫియెవ్ మొదటి కన్సర్టోలు మరుసటి ఏడు గ్రామఫోన్ పత్రిక అత్యున్నత పురస్కారం పొందాయి. కష్టమైనదని చాలామంది దూరంగా ఉంచిన షోన్‌బెర్గ్ కన్సర్టోను 2008లో హిలరీ హాన్, సలోనెన్‌తో కలిసి సిబేలియస్ పక్కన చేర్చి విడుదల చేసింది. 2012లో పత్రీసియా కొపాచిన్‌స్కయా బార్టోక్, లిగెటి కృతులను ఒకే చోట వాయించింది.

రికార్డు విలువ

మొదటి వాద్యకారుడి రికార్డు సాక్ష్యమే తప్ప శాసనం కాదు. ప్లేటు కొలత, మైక్రోఫోన్ శక్తి, ఆనాటి అలవాటు, ఆ రోజు ఆరోగ్యం అన్నీ అందులో కలిసి ఉంటాయి. స్ట్రావిన్‌స్కీ తానే రెండుసార్లు వేర్వేరుగా నిర్వహించాడు. సిబేలియస్ విషయంలో హైఫెట్జ్, నెవో ఒకరినొకరు కాదన్నట్టు వాయించి కూడా ఇద్దరూ మెప్పించారు. అందువల్ల ఒక కన్సర్టోను తెలుసుకోవాలంటే ఒక్క రికార్డు చాలదు. కృతి పుట్టిన రోజులకు దగ్గరగా ఉన్నది ఒకటి, కనీసం ఒక తరం తర్వాతది మరొకటి, ఈ రెండూ స్వరలిపి పక్కన పెట్టుకుని వినాలి. రెంటిలోనూ మారనిది స్వరకర్తది, మారినది వాద్యకారుడిది. బ్రామ్స్ విషయంలో యోఆకిమ్ వాటా ఎంతో తేల్చే వీలు ఇక లేదు. బెర్గ్ విషయంలో క్రాస్నర్ వాటా ఆయన దాచుకున్న ప్లేట్లలో వినిపిస్తోంది.