పెద్ద అంకె చూసి కంప్యూటర్ కొనకండి
(ఆదోని, ఎమ్మిగనూరు సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవళ్ల చదువు కోసమని మనవాళ్లు కొందరు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొంటున్నారు. "గిగాహెర్ట్జ్ ఎక్కువుంటే మంచిదే గదా సార్" అని అడుగుతున్నారు. అన్నివేళలా కాదు.

ఇంటెల్ కంపెనీవే రెండు పాత ప్రాసెసర్లు చూద్దాం. 2004 నాటి పెంటియం 4 (570) వేగం 3.8 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 380 కోట్ల టిక్కులు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో ఇ6600 వేగం 2.4 మాత్రమే. అయినా పనిలో రెండోదే ముందు.

ఎమ్మిగనూరు నేతవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నాడె ఎన్నిసార్లు ఆడిందని కాదు, సాయంత్రానికి ఎన్ని గజాల గుడ్డ దిగిందని చూస్తాం. కోర్ 2 ఒక్కో టిక్కుకు ఎక్కువ పని చేస్తుంది. పైగా దానిలో రెండు కోర్లు, అంటే ఒకే ఇంట్లో రెండు మగ్గాలు ఆడినట్లు. కంపెనీ ఇచ్చిన లెక్కలో మొదటిదానికి 115 వాట్లు, రెండోదానికి 65 వాట్లే. మన ఎండల్లో వేడి తగ్గడం చిన్న లాభం కాదు.

కొత్తదైనా పాతదైనా ఇదే పద్ధతి. పిల్లవాడు చేయబోయే పనిని దుకాణంలోనే చేయించి చూడండి. తర్వాతే పెన్షన్ డబ్బు తీయండి.