మఱ్ఱిచెట్టు చెప్పు పాఠము
(షాలిమారులో జరిగిన మన సాంస్కృతిక సంఘ సభయందు చేసిన ప్రసంగము)



వాతావరణములో కలుగుచున్న మార్పును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను శాస్త్రజ్ఞుడను కానని, దస్త్రములు చూచుకొను ఉద్యోగినని మనవి చేసితిని. “అందుకే మిమ్ము పిలుచుచున్నాము” అని వారు నవ్విరి.

మన షాలిమారుకు చేరువనే శిబపూరు వృక్షోద్యానమున్నది. 1787లో వెలసిన ఆ తోటకు 1793లో అధిపతియై వచ్చిన రాక్స్‌బరో దొర అంతకుముందు మన సామర్లకోటలో పనిచేసినవాడు. ఆ ప్రాంతపు క్షామమును స్వయముగా చూచి, కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించవలెనని కంపెనీ ప్రభుత్వమునకు సూచించినవాడు. ప్రకృతి తీరును కనిపెట్టి ముందుగా ఏర్పాటు చేసికొనుట మనకు క్రొత్త విషయము కాదు.

పరిశ్రమల యుగమునకు ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. భూమి వేడెక్కుచున్నది, సముద్రమట్టము పెరుగుచున్నది. ఇవి కొలిచి తేల్చిన సంగతులు, త్రోసిపుచ్చ వీలులేదు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు తీరమున మన తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉన్నారు. అట్లని ప్రతి గాలివానకును ఇదియే కారణమనుటయు, రేపే ప్రళయమని బెదరుటయు సరికాదు.

మొన్న మా అమ్మాయి నన్నడిగినది: “నాన్నగారూ, మనమొక దీపమార్పినంత మాత్రమున సముద్రము వెనుకకు పోవునా?” పోదని ఒప్పుకొంటిని. సగటున ఒక భారతీయుడు ఏటా గాలిలో కలుపు బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు; అమెరికావాసి వంతు సుమారు 14 టన్నులు. కాని ఆ రెండు టన్నుల సగటులో ఒక్క దీపముతో కాలము గడుపు కూలివాడును, రెండు శీతలయంత్రములు పెట్టుకొన్న నావంటివాడును కలిసియే యున్నారు. పేదవాని సగటు చాటున దాగుట మనకు తగదు.

ఐనను ఒక్కడు చేయగలిగినది కొంతయే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరులో గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానుకు ముందు లక్షలాది జనమును తరలించుటచే మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఈ భేదము ఏ ఒక్కని త్యాగమువలనను కలుగలేదు. ముందస్తు హెచ్చరిక, ఆశ్రయభవనములు, సకాలమున వెలువడిన ఉత్తర్వులు దీనికి కారణములు. అనగా మనవంటి ఉద్యోగుల పని. కావున మన బాధ్యత ఇంటితో తీరదు. బల్లమీది కాగితమును నిలిపి ఉంచకుండుట యందును ఉన్నది.

ఇక ఇంటి సంగతి. శీతలయంత్రమును ఒక డిగ్రీ హెచ్చించిన సుమారు ఆరు శాతము విద్యుత్తు మిగులునని ప్రభుత్వ సంస్థయే చెప్పుచున్నది. నేను చాలకాలము 18 డిగ్రీలలో పెట్టుకొని దుప్పటి కప్పుకొని పడుకొన్నవాడను! మా ఇంటివారు బిల్లు చూపిన పిమ్మట 24కు మార్చితిని. స్వస్థలమునకు వెళ్లుటకు వీలున్నప్పుడెల్ల రైలెక్కుదము. షాలిమారునుండి హైదరాబాదుకు ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఉండనే యున్నది. కాని తల్లికి జబ్బని కబురు వచ్చి విమానమెక్కినవానిని నిందింపరాదు. చేయగలిగినది విడువకుండుట, చేయలేనిదానికై కుమిలిపోకుండుట — ఇదియే నా మతము.

ఆ తోటలోని మహా మఱ్ఱిచెట్టును మీరందరు చూచియుందురు. తెగులు సోకుటచే 1925లో దాని మూలకాండమును తొలగించిరి. నేడది వేలకొలది ఊడలమీదనే నిలిచియున్నది. 2020 మే 20న వచ్చిన ఆంఫాన్ తుపాను కొన్ని ఊడలను కూల్చినది, చెట్టు నిలిచినది. చెట్టంతయు తానే మోయుచున్నానని ఏ ఊడయు గర్వింపనక్కరలేదు. తాను లేకున్ననేమి యని నేలను విడువనును రాదు.